బదులు

గుణుపూర్ కాలేజీ గ్రౌండులో ఆదివారం నాలుగింటికి
మేకపోతుని మైకు బల్ల కాలికి కట్టేశారు.
మెడలో బంతిపూల దండ.
కప్పుతో పాటు అదీ గెలిచినోళ్లకే.

మా ఆట ఒకటే.
బంతి వాళ్ల గోలీ చేతిలోంచి జారగానే
వాళ్ల గుమ్మంలోనే అడ్డం పడటం.
తలెత్తి చూడనివ్వం.
ఏలియా సబర్ ముందు దూకుతాడు,
అతన్ని చూసి ఎడమనుంచి తవిటయ్య,
తవిటయ్యని చూసి నడిమి నుంచి కృపాసింధు,
వెనకున్న నలుగురూ సగం గీత దాకా జరిగొస్తారు.
పొలం గట్టులాంటిది ఇది.
ఎంత మట్టి వేశావని కాదు,
ఎలక బొరియ ఒక్కటి మిగిలినా
తెల్లారేసరికి మడి ఖాళీ.

ఇదంతా సైకిలు షాపులో, పంక్చర్ల మధ్య
ఫోనులో చూసి నేర్చుకున్నాను.
నేలమీద నట్లు పేర్చి చెప్పాను వాళ్లకి:
ఇత్తడివి మనం, తుప్పువి వాళ్లు.
నట్లు అలిసిపోవని
అప్పుడు తట్టలేదు నాకు.

మొదటి ముప్పై అయిదు నిమిషాలు
రాయగడ మిల్లు జట్టు సగం గీత దాటలేదు.
వాళ్ల స్టాపరు కంగారులో మాకే పాసిచ్చాడు,
కృపాసింధు కొట్టాడు.
గోడెక్కిన గుంటలు లోపలికి దూకేశారు.
మైకులో మా పేరు ఒడియాలో, తర్వాత తెలుగులో, మళ్లీ ఒడియాలో.
మేకపోతు మా వైపే చూసిందనుకున్నాను.

నాలుగు రోజుల్లో మూడో ఆట.
వాళ్లకీ అంతే, కానీ వాళ్ల బెంచీ మీద ఏడుగురు
అరిటిపళ్లు తింటూ కాళ్లూపుకుంటూ.
మా బెంచీ మీద నేను,
నీళ్ల క్యాను,
తొమ్మిదో తరగతి పింటు,
మడత విప్పని జెర్సీలు నాలుగు.
పన్నెండో నంబరు కేరళలో చేపల బోటు మీద,
పదమూడు చెన్నైలో సెంట్రింగు,
పద్నాలుక్కి కొత్త పెళ్లి, మామగారి పొలంలో దమ్ము.
పదిహేను ఎప్పుడూ ఎవరిదీ కాదు.

యాభై ఎనిమిదో నిమిషం.
ఏలియా దూకాడు,
తవిటయ్య దూకలేదు.
దూకాలనే అనుకున్నాడు, మొహంలో కనిపించింది.
పిక్క మాట వినలేదు.
అంతే, బొరియ.
వాళ్ల కొత్త కాళ్లు అందులోంచి నీళ్లలా వచ్చాయి.
ఒకటి. పది నిమిషాలకి ఇంకోటి.
వెనక్కి రండ్రా అని అరిచాను.
వెనక్కి రావడం నేనెప్పుడూ నేర్పలేదు.
మూడోది పడినప్పుడు
పింటు బూటు లేసు ముడేస్తున్నాను.

వ్యానెక్కిస్తుంటే మేకపోతు
తన దండ తనే నములుతోంది.

పక్కింటి పారమ్మ నాట్ల ముఠాకి పెద్ద.
అరుగు మీద కాళ్లకి ఆముదం రాసుకుంటోంది.
ఎన్ని గోళ్లని అడగలేదు,
ఎంతమందిని తీసుకెళ్లావని అడిగింది.
"పదకొండు మంది పనికి పదకొండేనేటి?
నాను పది మంది మడికి పద్నాలుగురిని తోలుకెల్తాను.
ఒకర్తి నడుమెత్తితే ఇంకోర్తి దిగాల గదా.
వరస ఆగకూడదు, నాయినా. నడుం ఆగుద్ది."
వాళ్లు వెనక్కి నడుస్తూ వరస తప్పరు.
మేం ముందుకి నడుస్తూ తప్పాం.

మా వీధిలో బదులంటే
గ్లాసుడు బియ్యం, చారెడు చింతపండు,
సిగ్గుపడకుండా తలుపు కొట్టడం,
మరిచిపోకుండా తీర్చడం.
సోమవారం షట్టరు సగం దించి
కొండ కింద సవర వీధికి వెళ్లాను.
ఎడమకాలి కుర్రాడొకడు ఉన్నాడని విన్నాను.
"ఇరవై నిమిషాలు చాలమ్మా, బదులియ్యండి" అన్నాను.
ముసలామె నన్ను ఎగాదిగా చూసి లోపలికెళ్లి
బియ్యం గ్లాసుతో వచ్చింది.

తీసుకున్నాను.
మళ్లీ అడిగాను.