అరవై అయిదు దగ్గర

ఈస్టర్‌కి ఇంకా తొమ్మిది రోజులు.
సరస్సు మీది మంచు మనిషిని మోస్తుంది గానీ
కారుని మొయ్యదు.
సైమి పెద్ద గిన్నె దించి
రై పిండి, మొలకెత్తించి ఎండబెట్టిన రై పొడి
నీళ్ళలో కలుపుతోంది.
బూడిద రంగు జావ.
నాలిక మీద వేసుకుంటే తడిసిన గోడ రుచి.

దీన్ని మ్యామ్మి అంటారు ఇక్కడ.
చక్కెర వెయ్యకుండానే తియ్యబడాలి.
ఆ పని గింజదే.
మొలకెత్తే రోజుల్లో తన ఆకలి కోసం
గింజ చేసుకున్న కత్తెరలు
ఆ పొడిలో ఇంకా పదునుగానే ఉన్నాయి.
పిండి గొలుసులు పొడుగ్గా, ముడులు ముడులుగా.
సెగ తగిలితే చాలు.

ఎంత సెగ? అక్కడే ఉంది చిక్కు.

నిరుటి సంగతి ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు.
నలభై ఏళ్ళు ఆసుపత్రి లాండ్రీలో
పొగలు కక్కే దుప్పట్లు పిండి పిండి
సైమి వేళ్ళు వేడిని మర్చిపోయాయి.
మోచెయ్యి ముంచి "ఇక చాలు" అనడం
ఎప్పుడూ అక్క ఔనె పని.
ఔనె ఈ గడప తొక్కి ఆరేళ్ళు.

నిరుడు సైమి ఒక్కతే
మరిగే నీళ్ళు మొత్తం ఒకేసారి గుమ్మరించింది.
రాత్రంతా గొర్రెతోలు కప్పి కాపలా కాసింది.
తెల్లారితే అదే జిగురు,
గోడకి కాగితాలు అంటించుకోవచ్చు.
చల్లార్చినా, మళ్ళీ కాచినా
తీపి రాలేదు.

ఈసారి మనవరాలు పిహ్లా బస్సు దిగింది
సంచిలో ఒక థర్మామీటర్‌తో,
బొటనవేలంత అయోడిన్ సీసాతో.
చల్లని పళ్ళెంలో ఒక చుక్క జావ,
దాని మీద ఒక చుక్క అయోడిన్.
ముప్ఫై డిగ్రీల జావ: నల్లనీలం.
కత్తెరలు ఇంకా ఆవులిస్తున్నాయి.
గరిటెడు వేడినీళ్ళు. ఆగి, ఇంకో గరిటె.
యాభై దాటాక గరిట తేలికైంది,
జావ ఒళ్ళు వదులు చేసుకుంది.
అరవై అయిదు దగ్గర పిహ్లా చెయ్యెత్తింది.
గిన్నెకి గొర్రెతోలు కప్పారు.

"చలికి అవి చావవు అమ్మమ్మా,
ముడుచుకుని పడుకుంటాయి, వెచ్చబెడితే లేస్తాయి.
మరిగిస్తేనే మడత విడిపోయేది.
ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చిది కాదు కదా."

సైమి చాలాసేపు గొర్రెతోలు అంచు సర్దింది.
"ఎలా తెలుస్తుంది?"
"ఏది?"
"చల్లబడి ఆగిందో, ఉడికి పోయిందో.
పైకి రెండూ ఒకేలా ఉంటాయిగా."
పిహ్లా పళ్ళెం కడుగుతూ అంది,
"వెచ్చబెట్టి చూడటమే. ఇంకో పరీక్ష లేదు."

చీకటి పడే వేళకి
చుక్క ఊదా అయింది, ఆ తర్వాత ఇటుక రంగు.
వంటిల్లంతా మొలకల వాసన.
సైమి చెంచా నాకి ఏమీ అనలేదు,
ఇంకో చెంచా తీసుకుంది.

అప్పుడు పొయ్యి పెంచింది.
వదిలేస్తే కొరుకుతూనే ఉంటాయి,
గిన్నెలో నీళ్ళే మిగులుతాయి.
కుతకుతమన్న చప్పుడుకి
లోపల పని ఆగిపోయింది.
నారింజ తొక్కు పొడి, చిటికెడు ఉప్పు.

బర్చ్ పట్ట డబ్బాలు ఏడు నిండాయి.
గిన్నె గోకి గోకి ఎనిమిదోది నింపింది.
దాని మీద పేరు రాయలేదు.
పొద్దున బస్సు డ్రైవర్ చేతిలో పెడుతూ
ఏ స్టాప్‌లో దించాలో మాత్రం చెప్పింది,
"పక్కన ఎండ తగలకుండా చూడు" అని కూడా.
పిహ్లా వేలి మీద
అయోడిన్ మరక ఇంకా పోలేదు.