కాకిలెక్క

గోడలకి చెవులుంటాయంటారు.
నా ఉద్యోగంలో అడిగేది వేరు:
ఈ గోడ ఎంత మింగుతుంది?
ఇటుకైతే ఇంత, గాజైతే ఇంత.
జెనోవా పాతపట్నంలో రెండు మూరల మందం రాయి,
ఎంత పెట్టినా చాలదనే గోడ.

ఏడంతస్తుల ఇళ్ళ మధ్య
ఎదురింటివాళ్ళు చేయి చాపి ఉప్పు అందుకునే సందులు.
పైన రిబ్బనంత ఆకాశం, అందులోనూ తడి దుప్పట్లు.
కొండమీది టవర్లో బయల్దేరిన అల
పలకరాతి కప్పుల అంచున ఒంగి,
కిటికీ రెక్కకి కొట్టుకుని,
మలుపులో మరియమ్మ గూటి దగ్గర తిరిగి,
నేలకి దిగేసరికి
ఖర్చులు పోగా మిగిలిన చిల్లర.
ఆ చిల్లర ఎంతో ముందే చెప్పడం నా పని.

పటం వేశాను. ఎరుపు, పసుపు, పచ్చ.
సూదుల సందు మాత్రం ఆ చివర నుంచి ఈ చివరికి బూడిదరంగు.
మైనస్ నూట పద్దెనిమిది. అంటే అక్కడ మాట పుట్టదు.
తర్వాత, రివాజు ప్రకారం,
మీటరు వీపున కట్టుకుని నడిచి సరిచూసుకోవాలి.

రాత్రి ఎనిమిదిన్నర.
వాన వెలిసింది, గొడుగుల బేరమూ వెలిసింది.
ఆ బూడిదరంగు మధ్యన నిలబడి
మసంబా ఫోన్లో పగలబడి నవ్వుతున్నాడు.
అవతల కావులాక్‌లో వాళ్ళ చెల్లెలు
కుస్తీ పోటీ చూస్తూ పట్టుపట్టుకీ వర్ణిస్తోంది.

మీటరు చూశాను. మైనస్ తొంభై ఆరు.
ఇరవైరెండు డెసిబెల్స్!
నా ఏడాది శ్రమ కాకిలెక్క.

"ఇక్కడే ఎందుకు?"
"పదకొండు గోడలు చూశాను," అన్నాడు,
"వీపు ఆనించి, రాత్రికో గోడ.
పన్నెండోది పలికింది."
సర్వే అతనిది. జీతం నాది.

తలెత్తితే తెలిసింది.
ఎదురు మేడకి మరమ్మతులు, పరంజా,
పరంజాకి అడ్డంగా కొత్త రేకులు.
ఎక్కడో పోవలసిన అలని పట్టి
సరిగ్గా అతని చెవిలోకి విసురుతున్నాయి.
నా పటంలో పరంజా లేదు.
నా పటంలో ఇళ్ళు ఎనిమిదేళ్ళనాటివి.

బోర్డు మీద రాసుంది: పనుల ముగింపు, పదిహేనో తేదీ.

అలా దొరికింది, ఇన్నేళ్ళకి,
వేలెత్తి చూపలేని జోస్యం:
పదహారో తేదీ, ఎనిమిదిన్నర, ఈ గోడ, నిశ్శబ్దం.
తప్పితే బాగుండుననుకున్నాను.
చిన్న యాంటెన్నా తగిలిద్దామంటే
గూడు మూడొందలేళ్ళది, మేకు దిగకూడదంది నగరసభ.

చెప్పాను.
అతను చేయి అడ్డంపెట్టాడు, ఆగమని.
ఆఖరి పట్టు విన్నాడు.
"మావాడు ఓడాడు," అన్నాడు, నాతోనో చెల్లెలితోనో.
గొడుగుల మూట భుజానికెత్తుకుని
"అయితే పదమూడో గోడ ఏది?" అని అడిగాడు.

"మూలమీది రొట్టెల కొట్టు," అన్నాను,
"రాత్రి షట్టర్ దించాక చూడు. ఇనుపది.
కానీ నా లెక్క కదా,
మరీ నమ్మకు."