చూపు కట్టే పని

పగలంతా హాలిఫాక్స్‌లో కళ్లద్దాల కొట్టు.
"ఇది బాగుందా, ఇందాకటిదా?" అని
రోజుకు రెండొందల సార్లు అడుగుతాను.
గురువారం సాయంత్రం మాత్రం
చూపు దిద్దే పని మానేసి
చూపు కట్టే పని.

లైబ్రరీ పై అంతస్తు. వాన కారే కిటికీ.
ఒక పక్కే వేడెక్కే రేడియేటరు.
ఫీజు ఒక పౌను. అదే పాఠ్యపుస్తకం.
నేను తీసుకోను.
"మీ దగ్గరే ఉంచుకోండి,
లేదని నన్ను నమ్మించండి" అంటాను.

మొదటి పాఠం ఇంతే:
కుడిచేతి నాణెం ఎడమచేతికి
ఇచ్చినట్టే ఇచ్చి, ఇవ్వకపోవడం.
వేళ్లదేముంది, వారంలో వస్తాయి.
ఖాళీ చెయ్యి బరువు మొయ్యాలి.
పిడికిట్లో పౌను ఉందని
ముందు మీ భుజం నమ్మాలి, తర్వాత మీ కన్ను,
ఆపైన ఊరంతా.
కుడిచేతి వైపు మాత్రం ఎవరూ చూడొద్దు,
పెళ్లిలో అలిగిన మేనమామను
చూసీ చూడనట్టు పోతామే, అలాగ.

మౌరీన్‌కి డెబ్బై నాలుగు.
బడిపిల్లలకు ముప్పయ్యేళ్లు అన్నం వడ్డించిన చేతులు,
కణుపులు ఉబ్బి నాణెం నిలవదు.
ఠంగుమని రాలుతుంది. అందరం వంగి వెతుకుతాం.
తలెత్తేసరికి
కప్పు కింద ఉండాల్సిన బంతి లేదు.
"రాలడం కూడా లెక్కేనా?" అంటుంది.
లెక్కే మౌరీన్, అది నేను నేర్పింది కాదు.

నజాకత్ అలీకి టాక్సీ. ఎర్రదీపం పడి
పచ్చదీపం వెలిగేలోపు అయిపోయే ట్రిక్కులే కావాలి.
నలభై సెకన్లు దాటితే
వెనక కారువాడు మెచ్చుకోడు.

కీరన్ పందొమ్మిదేళ్ల కుర్రాడు.
వారం వారం నా సంతకం పడాల్సిన కాగితంతో వచ్చాడు.
అంత మెత్తటి వేళ్లు నేనెక్కడా చూళ్లేదు.
ఎక్కడ నేర్చావని అడగలేదు.
మొదటిరోజు వెళ్తూ వెళ్తూ
నా వాచీ నా చేతికే ఇచ్చాడు.
"మర్చిపోయారు" అన్నాడు, నేల చూస్తూ.

నా "హాంఫట్"కి ఎవరూ నవ్వలేదు.
ఎవరి మంత్రం వాళ్లే తెచ్చుకోండి అన్నాను.
మౌరీన్ మంత్రం, "ఇంకాస్త గ్రేవీ?"
నజాకత్‌ది తన మొదటి కారు నంబరు.
కీరన్ ఈల వేస్తాడు.
దావిత్ తన భాషలో ఏదో అన్నాడు, అర్థం అడిగితే
"ఉప్పు" అన్నాడు.

దావిత్‌ది అస్మరా.
లీడ్స్‌లో ఏదో గదిలో నాలుగు గంటలు
జరిగింది జరిగినట్టు చెప్పాడట.
పడవ రంగు ఒకసారి నీలమన్నావు,
ఒకసారి ఆకుపచ్చన్నావు అన్నారట.
(చీకట్లో ఎక్కి, ఎండలో దిగినవాడు ఏమంటాడు?
రంగుల సంగతి నన్నడిగితే చెప్పేదాన్ని.)
ఉత్తరం వచ్చింది: నమ్మశక్యంగా లేదు.

దాన్ని చింపి అతికించే విద్య
నేర్పమన్నాడు.
అసలుది అప్పీలుకు కావాలి.
కింద కౌంటర్లో పది పెన్నీలకొకటి
నకళ్లు తీయించాం.
తొమ్మిది వారాలు, ఎన్ని నకళ్లో.
చెత్తబుట్ట నిండా ముక్కలైన అదే వాక్యం.

నిన్న గురువారం
అతను లేచి నిలబడ్డాడు.
రెండు, నాలుగు, ఎనిమిది ముక్కలు.
నేను నేర్పిన చెయ్యి, నేను చెప్పిన భుజం.
అయినా పదకొండేళ్లలో మొదటిసారి
నా కళ్లు ఖాళీ పిడికిలి వెంటే పోయాయి.
ఉప్పు, అన్నాడు.
విప్పాడు.
మడతలే తప్ప చిరుగు లేదు.
ప్రతి అక్షరం దాని చోటే ఉంది,
నమ్మశక్యంగా లేదు, అన్నదీ.

"అబ్బే, నేన్నమ్మను" అన్నాడు కీరన్, నోరు తెరిచి.
దావిత్ పగలబడి నవ్వాడు.
మౌరీన్ నవ్వలేదు. చప్పట్లు కొడుతూనే ఉంది,
ఆ కణుపులతోనే.

లైబ్రరీ దీపాలార్పారు.
బస్టాపులో టికెట్‌కి జేబు తడిమితే
కోటులో నాలుగు పౌన్లు.
నేను పెట్టుకున్నవి కావు.