తలుపు చట్రం

మూడేళ్ళుగా వెళ్తున్నాను
కాన్సస్‌లో గోధుమ గాదెల వెనకున్న ఆ ఇంటికి.
వెళ్ళినప్పుడల్లా జోలీన్
వంటింటి తలుపు చట్రం మీద
కొడుకు ఎత్తు పెన్సిలుతో గీస్తుంది.
కింద తేదీ. పక్కన నా సంతకం, సాక్షిగా.

కోల్టర్‌కి పాదాలు ముందు పెరిగాయి,
ఒళ్ళింకా వాటిని అందుకోలేదు.
"రెండేళ్ళాగితే గోడవుతాడు" అన్నాను హెడ్ కోచ్‌తో.
"నేను శనివారం దాకా ఉంటానో లేదో చూడు" అన్నాడు.
వరసగా నాలుగు ఓటములు. దినగండం ఉద్యోగం.
రెండు కాలేజీలు మారినవాణ్ణి తెచ్చుకున్నాడు,
ఇరవై మూడేళ్ళు, గడ్డంతో సహా తయారు.

కొత్తవాడు మంచివాడే.
మొదటిరోజు బూట్లు విప్పుతూ అడిగాడు:
"ఇడాహోలో విట్మర్ కోచ్ తెలుసా మీకు?
నా పద్నాలుగో ఏట నుంచీ మా ఇంటికొచ్చేవాడు.
ఇప్పుడు ఫోనెత్తడు."

నారు పోసినవాడు నీరు పోయడా అంటారు.
ఇది ఎవరి నారో,
నీళ్ళు మాత్రం నేను పడుతున్నాను.

రాత్రి జోలీన్‌కి ఫోన్ చేశాను,
స్కాలర్‌షిప్ లేదని చెప్పడానికి.
గొంతు సవరించుకునేలోపే ఆవిడ అంది:
"అరంగుళం పెరిగాడండీ!
గీత గీసి ఉంచాను.
సంతకానికి ఎప్పుడొస్తారు?"