చిలకపచ్చ

ఇరవై రెండేళ్లు ఈ సందులకి నేనే తీగని.
చిక్కపేటలో చీటీ అందుకుని
కబ్బన్‌పేట మగ్గాల దాకా పరుగు.
జేబులో నూలు కొసలు, నోట్లో ఆర్డర్లు:
అంచు నాలుగు వేళ్లు, ఒళ్లంతా చిలకపచ్చ,
ఎనిమిది చీరలు, శుక్రవారానికి.
తిరిగొచ్చేసరికి సేటు మనసు మారేది.
మళ్లీ పరుగు.
పరుగుకి పది రూపాయలు.

పోయిన కార్తీకంలో గంగలక్ష్మమ్మ కోడలు హేమావతి
మిద్దె మీద కడ్డీకి ఒక తెల్ల డబ్బా కట్టించింది.
కట్టింది నేనే,
పాత జరీ అంచు ముక్కతో మూడు చుట్లు.
కింద నించి చౌడప్ప తాత తలెత్తి అడిగాడు
తీగేదిరా అని.
లేదు తాతా, గాల్లోనే.
ఆయన చేతిలో కండె ఆగింది.
"పోగు తెగితే ముడేస్తాం. ఇది తెగితే?"
నా దగ్గర జవాబు లేదు.
డబ్బా మీది చిన్న దీపం ఏదో చెప్పబోయి
మినుకుమని ఊరుకుంది.

నెలకి ఏడొందల బిల్లు,
ఏడు గుమ్మాలు, గుమ్మానికో నూరు.
రంగులద్దే మస్తాన్ మూడు నెలలు ఎగ్గొట్టాడు.
హేమావతి రాత్రికి రాత్రి పాస్‌వర్డ్ మార్చేసింది.
తెల్లారేసరికి నాలుగొందలు పట్టుకుని మెట్ల మీద ఉన్నాడు,
ధర్మవరం నించి ఫోటో వచ్చి ఉంటుంది తల్లీ,
చూడకపోతే బేరం పక్క షెడ్డుకి పోతుంది అంటూ.

మధ్యలో ఒక దలారి ఉండేవాడు, నూటికి ఆరు.
ఏ మగ్గం ఎవరిదో, ఏ చీర ఎవరు కొంటారో
ఆయన ఒక్కడికే తెలుసు,
తెలిసినందుకే ఆ ఆరు.
ఇప్పుడు సేలం కొట్టు నేరుగా హేమావతిని అడుగుతోంది.
ఆ ఆరు ఎటు పోయిందో నేను లెక్క చెప్పగలను:
కొంత రెండో మగ్గం మోటారుకి,
కొంత గంగలక్ష్మమ్మ పళ్ల సెట్టుకి.
ఆవిడిప్పుడు చెరుకు ముక్క నములుతుంది,
అందరికీ కనబడేలా, గుమ్మంలో కూర్చుని.

నెల తిరిగాక వచ్చే డబ్బు
సాయంత్రానికే వస్తోంది.
మస్తాన్ షెడ్డులో పెట్టె గట్టిగా అరుస్తుంది
పన్నెండు వేల రెండొందలు అందాయని.
సందంతా వింటుంది.
వడ్డీల నాగభూషణమూ వింటాడు.
దీని గొంతు తగ్గించే మీట ఎక్కడుందని
మస్తాన్ నన్ను రహస్యంగా అడిగాడు.

నా సంగతంటారా,
రోజుకి ముప్పై పరుగులు నాలుగైపోయాయి.
మోకాళ్లు సంతోషించాయి, బియ్యం డబ్బా సంతోషించలేదు.
ఎవరి మీదా కోపం లేదని చెప్పను.
ఆ డబ్బాని నా చేత్తోనే కట్టాను కదా,
రెండు మూడు రాత్రులు విప్పేద్దామనీ అనుకున్నాను.

ఆషాఢంలో సేలం నించి ఇరవై నాలుగు చీరలు తిరిగొచ్చాయి.
ఫోటోలో చిలకపచ్చ.
మూట విప్పితే అరిటాకు,
ఎండలోకి తెస్తే మామిడి పిందె.
హేమావతి మూడు ఫోన్లు పక్కపక్కన పెట్టింది,
తనది, అత్తది, మస్తాన్‌ది.
మూడు రకాల చిలకలు.
చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.
తర్వాత ఆమె నా జేబు వైపు చూసింది.
"ఆర్డరు గాల్లో పోనీ అన్నా,
రంగు మాత్రం నువ్వు పట్టుకెళ్లు."
రంగుకి నలభై.
బేరమాడి యాభై చేశాను.

మొన్న వానకి కరెంటు పోయింది.
వచ్చాక కూడా దీపం ఎర్రగానే ఉంది.
ఏడు గుమ్మాలూ సందులోకొచ్చి మిద్దె వైపు చూస్తున్నాయి,
బావిలో చేద జారినట్టు.
నేను పైకెక్కి ప్లగ్గు ఊడదీశాను,
హేమావతి నేర్పినట్టు పది లెక్కపెట్టి
మళ్లీ పెట్టాను.
మస్తాన్ పెట్టె ఒక్కసారిగా అరిచింది.
కింద నించి చౌడప్ప తాత,
"ముడేశావా?"
వేశా తాతా.

దిగాక చూసుకుంటే
జేబులో నూలు కొస తడిసి చొక్కాకి రంగంటింది.
ఇదే అసలు చిలకపచ్చ.
ఫోటో తీసి చూశాను.
రాలేదు.