మీసం

గ్రీమ్స్‌పేట మిద్దె మీద రాత్రి బడి.
పదో తరగతి పరీక్షకు కట్టిన
పెద్దవాళ్లు పదకొండు మంది.

"దీన్ని తెచ్చి ఇక్కడ వేస్తే అది వస్తుంది" అన్నాను,
ఇరవై రెండేళ్లుగా అంటున్నట్టే.
"ఏది సార్? యాడ?" అనింది మునెమ్మ.
చిత్తూరు బెల్లం మండీలో
దిమ్మె తడిమి బరువు చెప్పే మనిషి. చూపు లేదు.
నా ఇదిలూ అదిలూ అన్నీ
చిల్లుజేబులో చిల్లరలా
నేల మీద దొర్లిపోయాయి.

మర్నాడు చీపురుపుల్లలతో త్రిభుజం కట్టుకెళ్లాను.
లంబకోణం దగ్గర వేలు ఆపి
"గోడమూల" అనింది.
ఇన్నేళ్లూ నాకు తట్టని పేరు.

దిల్షాద్ కుట్టుమిషన్ చప్పుడు
అరికాళ్లతో వింటుంది.
నెల రోజులు నా పెదాల వంక చూసి చూసి
నోటుబుక్కు చింపి చీటీ ఇచ్చింది:
"సార్, మీ మీసం అడ్డం."
అందరూ నవ్వారు.
ఎందుకు నవ్వారో
ఆమెకు రాసి చూపించాల్సి వచ్చింది.

నాన్న పోయినప్పుడు తప్ప తీయని మీసం.
పొద్దున్నే నన్ను చూసి
పక్కింటి గోవిందస్వామి గేటు దాకా పరిగెత్తుకొచ్చాడు.
"ఎవురు సామీ పోయింది?"
ఎవరూ పోలేదు,
ఒకరు పాసు కావాల.

నిన్న సగం లెక్కలో కరెంటు పోయింది.
"నాకేం తేడా సార్, చెప్పండి" అనింది మునెమ్మ.
చెప్పుకుంటూ పోతున్నా.
వెనక బెంచీలో సెల్లు టార్చి వెలిగింది,
బోర్డు మీదికి కాదు,
నా నోటి మీదికి.

కళ్లు జిగేల్మన్నాయి.
మొహం తిప్పుకోబోయి
తిప్పుకోలేదు.