ఊక మోసిన బరువు

మిర్యాలగూడ మిల్లుల కాడ
ఊకను ఎవలూ లెక్కగట్టరు.
బాయిలర్‌కు ఇంత, ఇటుకబట్టీకి ఇంత,
మిగిలింది గాలికి, మా కండ్లకు.
మా అమ్మ ఇరవై ఏండ్లు దాన్నే ఎత్తిపోసింది.
నేను ఏదన్న ఎక్కువ చెప్పబోతే
"ఊకదంపుడు ఆపుర సైదులూ" అంటుండె.

ఇప్పుడు డిగ్రీ కాలేజీల ల్యాబ్ అటెండర్ని.
రమావత్ జమున, ఫైనలియర్,
తండా నుంచి తొమ్మిది గంటల బస్సుకొచ్చే పిల్ల,
ఒకనాడు అడిగింది:
"అన్నా, సంచెడు ఊక దొరుకుతదా?"
నవ్వొచ్చింది.
ఈ ఊర్ల ఊక అడిగినోళ్లను
అదే మొదలు చూసుడు.

కడిగింది. ఆరబెట్టింది.
ఏదో ఘాటు మందుల నానేసి మళ్ల కడిగింది.
మా చెల్లె పెండ్లి బియ్యం గూడ అన్నిసార్లు కడగలే.
పైపు ముక్కల కూరింది, అడుగున దూది.
పాత బ్యాటరీలు కరిగించే షెడ్డెనక
మోరీ నీళ్లు డబ్బాల నేనే పట్టుకొచ్చిన.
తేటగనే ఉన్నయి.
అదే భయం.

పైనుంచి పోస్తే
బొట్టు
బొట్టు
నల్లా సరిగ కట్టెయ్యని ఇంట్ల రాత్రి లెక్క.

మూడోనాడు కాగితం మీద అంకె చూపింది.
సీసం నూటికి ఎనభై పాళ్లు ఊకల్నే ఆగిందట.
ఎండకూ పురుగుకూ అడ్డం నిలబడి
గింజను కాసిన తోలు,
గింజ పోయినంక గూడ
అడ్డం నిలబడుడు మర్చిపోలేదు.

నేను చప్పట్లు కొట్టిన.
జమున కొట్టలే.
తడి ఊకను గాజు సీసల నింపి మూత బిగించి
"ఇగ దీన్ని ఏడ పోద్దాం అన్నా?" అన్నది.

పొయ్యిల పెడితే పొగల లేస్తది.
పొలంల చల్లితే మళ్ల వరికెక్కుతది.
బర్రె మూతి పెడితే పాలల్లకు దిగుతది.
యాసిడ్‌తోని కడిగితే వదులుతదట,
ఆ కడిగిన నీళ్లు?
షెడ్డు మోరీ మాత్రం అట్లనే పారుతున్నది,
మా పైపు రోజుకు రెండు లీటర్లు,
అది రోజుకు ఎన్నో అడిగినోడు లేడు.

జమున పరీక్షలు రాసి పోయింది.
సీసల సీసం నా అల్మారల ఉంది,
ఎర్ర సిరాతోని రాసిన: ముట్టొద్దు.

మొన్న సద్ది తెచ్చిన అమ్మ
వద్దన్నా వినకుంట చేతులకు తీస్కున్నది.
జర పైకి లేపింది. కిందికి దించింది.
"ఊక ఇంత బరువుంటదార?"
తడిది గదా అన్న.
ఇరవై ఏండ్లు ఎత్తిన చెయ్యి
నమ్మలే.